‘ఛీ’ అంటున్నది నాలుకా, మెదడా?

కాకరకాయ చేదుగా ఉంటుంది. ఈ మాట నిజమేనా? నిజమే. ఎవరినడిగినా అదే చెబుతారు.

కాకరకాయ బాగుండదు. ఈ మాట నిజమేనా? ఇక్కడ మాత్రం మీలో సగంమంది తల ఊపుతారు. మిగతా సగంమంది, ‘మా అమ్మ బెల్లం వేసి చేసే కాకరకాయ పులుసు తిని చూసి అప్పుడు మాట్లాడు’ అంటారు.

మొదటి మాట కాకరకాయను గురించి చెబుతున్నది. రెండో మాట కాకరకాయను గురించి ఏమీ చెప్పడం లేదు. అది తినేవాడిని గురించి మాత్రమే చెబుతున్నది. కాని మనం రెండింటినీ ఒకే గొంతుతో, ఒకే ధీమాతో అంటాం. భూమి గుండ్రంగా ఉంది అన్నంత నమ్మకంగా ‘అది బాగుండదు’ అంటాం. అక్కడితో ఆగితే పరవాలేదు. ఇతరుల అన్నం గిన్నెలోకి తొంగిచూసి ‘ఛీ, అదెలా తింటావురా?’ అని కూడా అంటాం. ఆ ‘ఛీ’ ఎక్కడ పుడుతుందో ఈ నెల కాస్త వెతికి చూద్దాం. అది నాలుక మీద పుట్టదనీ, మెదడులో పుడుతుందనీ, అదీ చాలాసార్లు ముద్ద నోట్లోకి వెళ్ళకముందే పుడుతుందనీ తెలిస్తే, దాన్ని ఎంతవరకు నమ్మాలో కూడా తెలుస్తుంది.

నాలుక చేసే పని ఎంత?

నాలుక బొమ్మ గీసి, కొనమీద తీపి, పక్కల పులుపు, ఉప్పు, వెనక చేదు అని గళ్ళు గీసి చూపించడం మీరు ఏదో ఒక పుస్తకంలో చూసే ఉంటారు. ఆ పటం తప్పు. దాని కథ తమాషాగా ఉంటుంది. 1901లో జర్మనీలో హేనిగ్ అనే ఆయన నాలుక అంచుల వెంబడి ఒక్కొక్కచోట ఒక్కొక్క రుచి చుక్కలు వేసి చూశాడు. కొన్నిచోట్ల కొన్ని రుచులు ఏ కాస్తో తొందరగా తెలుస్తున్నాయని రాశాడు. తేడా చాలా స్వల్పం. 1942లో అమెరికాలో బోరింగ్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు తన పుస్తకంలో ఆ ఫలితాలను ఒక గ్రాఫుగా వేశాడు. తేడా ఎంతో ఆ గ్రాఫులో సరిగా తెలియలేదు. చూసినవాళ్ళు ‘ఇక్కడ తీపి తప్ప ఇంకేమీ తెలియదు కాబోలు’ అనుకున్నారు. 1974లో వర్జీనియా కాలింగ్స్ మళ్ళీ పరీక్ష చేసి, తేడాలు ఉన్నా అవి లెక్కలోకి రానంత చిన్నవని తేల్చింది. అయినా పటం మాత్రం పుస్తకాలను వదలలేదు. మీరే ఒక ఉప్పుకల్లు నాలుక కొనమీద పెట్టుకుని చూడండి. ఉప్పగా లేదూ?

నాలుక మీద కొన్నివేల రుచి మొగ్గలుంటాయి. ఒక్కొక్క మొగ్గలో యాభై నుంచి నూరు దాకా కణాలుంటాయి. అవి ఎక్కువకాలం బతకవు; రమారమి పదిరోజులకొకసారి పాతవి పోయి కొత్తవి వస్తుంటాయి. వేడి వేడి టీతో నాలుక కాల్చుకున్నా కొద్దిరోజుల్లో మళ్ళీ రుచి తెలియడానికి కారణం ఇదే. ఈ కణాలు గుర్తించే మూలరుచులు ఐదు. తీపి, పులుపు, ఉప్పు, చేదు మనకు తెలిసినవే. ఐదోదాన్ని 1908లో జపాను దేశపు రసాయన శాస్త్రజ్ఞుడు ఇకెడా సముద్రపు నాచుతో కాచిన చారులో కనిపెట్టి ‘ఉమామి’ అని పేరు పెట్టాడు. బాగా పండిన టొమాటోలోను, పుట్టగొడుగుల్లోను, ఎండుచేపల్లోను ఉండే కమ్మదనం అదే.

‘మరి ఉగాది పచ్చడిలో షడ్రుచులంటారే, కారం, వగరు ఏమైనట్టు?’ అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. కారం నిజానికి మంట. కాలినప్పుడు మంటను తెలిపే నాడుల చివర్లలో ఒక ప్రోటీను ఉంటుంది. సుమారు 43 డిగ్రీల సెంటిగ్రేడు వేడి తగిలితే అది మేలుకుంటుంది. మిరపకాయలో ఉండే కాప్సైసిన్ కూడా దాన్నే మేలుకొలుపుతుంది. దీన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి వచ్చింది. అంటే మిరపకాయ బజ్జీ తిన్నప్పుడు మీ మెదడుకు ‘నోరు కాలుతోంది’ అనే వార్త వెళుతుందన్నమాట. ఇక వగరు స్పర్శకు సంబంధించినది. పచ్చి అరటికాయలోను, లేత జామకాయలోను ఉండే టానిన్లు లాలాజలంలోని జిగురును విరిచేస్తాయి. నోరు గరుకుగా, పట్టేసినట్టుగా ఉంటుంది. మన పెద్దలు నోటికి తెలిసిన ప్రతిదాన్నీ రుచి అన్నారు. అనుభవం మాటకొస్తే వాళ్ళు చెప్పినదే సరైనది. దారులు మాత్రం వేరు వేరు.

ముక్కు మూసుకుని చూడండి

సరే, ఐదు రుచులు, మంట, వగరు. ఇంతేనా? మామిడిపండుకూ సపోటాకూ తేడా వీటితో చెప్పగలరా? రెండూ తియ్యనివే.

ఒక ప్రయోగం చెయ్యండి. ముక్కు గట్టిగా పట్టుకుని, రెండు ఏలకు గింజలు నమలండి. నోట్లో ఏదో గరుకుగా, కొంచెం ఘాటుగా ఉన్నదని తప్ప మరేమీ తెలియదు. ఇప్పుడు ముక్కు వదలండి. ఒక్కసారిగా ఏలకులు నోరంతా ‘వెలుగుతాయి’. కాని ఆ పరిమళం వచ్చింది నోట్లోంచి కాదు. నమిలినప్పుడు లేచిన ఆవిరి గొంతు వెనకనుంచి ముక్కు పైభాగానికి వెళ్ళింది. అక్కడ సుమారు 400 రకాల వాసన గ్రాహకాలున్నాయి. ఈ గ్రాహకాల జన్యువులను 1991లో కనిపెట్టిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్ 2004లో నోబెల్ బహుమతి పంచుకున్నారు.

మనం ‘రుచి’ అనుకునేదానిలో పెద్దభాగం ఈ దొడ్డిదారిన వచ్చిన వాసనే. 2020లోను, ఆ తరువాత కోవిడ్ వచ్చినవాళ్ళలో చాలామందికి ఈ సంగతి స్వయంగా అనుభవంలోకి వచ్చింది. నాలుక బాగానే ఉంది, ఉప్పూ తీపీ తెలుస్తున్నాయి. అయినా ‘అన్నం గడ్డిలా ఉంది’ అన్నారు. పోయింది వాసన. మెదడు మాత్రం ఆ లోటును నోటి ఖాతాలో రాసింది. చూశారా, ముక్కు పంపిన ఉత్తరాన్ని నోటి చిరునామాకు చేరుస్తున్నది మెదడు. దాని చేతివాటం ఇక్కడే మొదలు.

మెదడు ముందే వంట చేసుకుంటుంది

నాలుక నుంచి వార్తలు మూడు జతల కపాల నాడుల ద్వారా మజ్జాముఖానికి, అక్కడినుంచి థాలమస్‌కు, అక్కడినుంచి మెదడు మడతల్లో దాగివున్న ఇన్సులా అనే భాగానికి చేరతాయి. ‘ఇది తీపి, ఇది చేదు’ అని అక్కడ తెలుస్తుంది. ఆ పైన, కళ్ళకు కాస్త ఎగువన నుదుటి వెనక ఉన్న మెదడు భాగంలో రుచి, వాసన, రంగు, తాకిడి, వెచ్చదనం అన్నీ కలుస్తాయి. ‘బాగుంది’, ‘బాగులేదు’ అనే తీర్పుకు ముఖ్యమైన చోటు ఇది.

న్యాయస్థానంలో తీర్పు సాక్ష్యాలు విన్న తరువాత చెప్పాలి కదా? మెదడు అలా చెయ్యదు. అది ముందే ఒక తీర్పు రాసి పెట్టుకుంటుంది. సాక్ష్యం వచ్చాక దిద్దుకుంటుంది, అదీ తప్పనిసరి అయితేనే.

మజ్జిగ అనుకుని పాలు గుక్కెడు తాగిన అనుభవం మీలో కొందరికైనా ఉండే ఉంటుంది. పాలు మీకు ఇష్టమే. మజ్జిగా ఇష్టమే. కాని ఆ గుక్క మాత్రం భయంకరంగా ఉంటుంది. పాలలో లోపమేమీ లేదు. మెదడు పులుపు కోసం ఆకు వేసుకుని కూర్చుంది, వచ్చింది మరొకటి.

దీన్నే ఇంగ్లండులో శాస్త్రజ్ఞులు ప్రయోగం చేసి చూశారు. 2008లో ససెక్స్ విశ్వవిద్యాలయపు యోమన్స్ బృందం, పొగబెట్టిన సాల్మన్ చేపతో ఒక ఐస్‌క్రీం తయారు చేయించింది. కొందరికి దాన్ని ‘ఐస్‌క్రీం’ అని చెప్పి ఇచ్చారు. మరికొందరికి అదే పదార్థాన్ని ‘చల్లబరచిన ఉప్పటి వంటకం’ అన్న అర్థం వచ్చే పేరు చెప్పి ఇచ్చారు. రెండోవాళ్ళు పరవాలేదన్నారు. మొదటివాళ్ళు అసహ్యించుకున్నారు. అంతేకాదు, మొదటివాళ్ళకు అది మరింత ఉప్పగా కూడా తోచింది! గిన్నెలో ఉప్పు పెరగలేదు. మారింది పేరొక్కటే.

మెదడు ఇలా ఎందుకు చేస్తుంది? సోమరితనం వల్ల కాదు, తెలివివల్లనే. అడవిలో తిరిగిన మన పూర్వీకుడు ప్రతి కాయనూ నమిలి, మింగి, తరువాత ఏమవుతుందో చూస్తానంటే నాలుగురోజులు కూడా బతికేవాడు కాడు. రంగు, వాసన, ఆకారం చూసి, వెనకటి అనుభవం జ్ఞాపకం చేసుకుని, ‘ఇది ఇలా ఉంటుంది’ అని ముందే ఊహించుకోవడమే బతికే ఉపాయం.

ఈ ఊహను మెదడు ఎలా దిద్దుకుంటుందో వుల్ఫ్రామ్ షుల్ట్జ్ కోతులలో చూశాడు. కోతి నోట్లో ఒక చుక్క పండ్లరసం పడితే దాని మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని విడుదలచేసే కణాలు చురుకుగా పనిచేశాయి. రసానికి ముందు ప్రతిసారీ ఒక గుర్తు చూపిస్తూ పోతే, కొన్నాళ్ళకు ఆ కణాలు గుర్తు కనపడగానే స్పందించసాగాయి. రసం వచ్చినప్పుడు మాత్రం మామూలుగా ఊరుకున్నాయి. గుర్తు చూపించి రసం ఇవ్వకపోతే, సరిగ్గా రసం రావలసిన క్షణానికి ఆ కణాల పని పడిపోయింది. అంటే ఆ కణాలు కొలుస్తున్నది రసాన్ని కాదు. ఆశకూ వచ్చినదానికీ ఉన్న తేడాను. షుల్ట్జ్ మరి ఇద్దరితో కలిసి 1997లో ఈ సంగతులను వివరించాడు. పెళ్ళిభోజనం అని ఊరించి సాదా పప్పన్నం పెడితే ఉస్సూరనిపించడం, ఆకలిగా ఉన్నప్పుడు అదే పప్పన్నం అమృతంలా ఉండడం ఎందుకో ఇప్పుడు కొంత అర్థమయిందా?

రంగు, పేరు, సీసా

ఊహ అంత బలమైనదైతే దాన్ని మోసం చెయ్యడం కూడా తేలికే. ఫ్రాన్సులోని బోర్డోలో ద్రాక్షసారా రుచి చూడడమే చదువుగా నేర్చుకుంటున్న 54 మంది విద్యార్థులకు, తెల్లసారాలో రుచీ వాసనా లేని ఎర్రరంగు కలిపి ఇచ్చారు. అంతకుముందు తెల్లసారా వాసనను తేనె, నిమ్మ వంటి లేతరంగు వస్తువులతో పోల్చినవాళ్ళు, రంగు కలిపాక అదే సారాను ఎర్రని, నల్లని పండ్లతో పోల్చారు. ఈ ఫలితం 2001లో వెలువడింది. కళ్ళు చెప్పింది ముక్కు విన్నది.

2004లో అమెరికాలోని హ్యూస్టన్‌లో 67 మందితో మరో ప్రయోగం జరిగింది. కోకాకోలా, పెప్సీ పేర్లు చెప్పకుండా తాగిస్తే ఇష్టాలు దాదాపు సమానంగా చీలిపోయాయి. తరువాత కొందరికి రెండు గ్లాసుల్లోనూ కోకాకోలాయే పోసి, ఒకదానికి పేరు పెట్టి, రెండోదానిలో ఏదైనా ఉండవచ్చు అన్నారు. పేరున్న గ్లాసే బాగుందన్నారు. పేరు చూసినప్పుడు వాళ్ళ మెదడులో జ్ఞాపకానికి సంబంధించిన భాగాలు కూడా పనిలోకి దిగాయి. వాళ్ళు అబద్ధమాడలేదు. ప్రకటనల జ్ఞాపకం కూడా పానీయంలో కలిసి రుచిగా మారింది.

ఇక నేను మీకు ముఖ్యంగా చెప్పదలచుకున్న ప్రయోగం ఆక్స్‌ఫర్డులో జరిగింది. అక్కడ 2005లో డి అరౌజో, ఎడ్మండ్ రోల్స్, వారి సహచరులు కొందరికి ఒక వాసన చూపించారు. జున్నుగడ్డలో, చెమటపట్టిన మేజోళ్ళలో కూడా ఉండే ఒక ఆమ్లం వాసన అది. ఒకసారి ఎదురుగా తెరమీద ‘చెడ్డార్ జున్ను’ అనే మాట చూపించారు. మరొకసారి అదే వాసన ఇస్తూ ‘ఒంటి కంపు’ అనే మాట చూపించారు. జున్ను అన్నప్పుడు బాగుందన్నారు, కంపు అన్నప్పుడు ముఖం చిట్లించారు. వాళ్ళ మెదళ్ళను స్కానింగు యంత్రంలో చూస్తే, నుదుటి వెనక భాగంలో స్పందన కూడా మాటను బట్టి మారింది. అంటే వాళ్ళు మర్యాదకోసం అలా అనలేదు. ఒక మాట వల్ల వాసన వాళ్ళకు నిజంగానే మారిపోయింది.

ఇప్పుడు ఆలోచించండి. తోటివాడి గిన్నె మూత తియ్యగానే ఎవరైనా ‘అబ్బ, కంపు!’ అని అరిస్తే ఏమవుతుంది? ఆ మాట విన్న పదిమందికీ ఆ కూర నిజంగానే కంపు కొడుతుంది. ఆ మాట అనకపోతే కొట్టకపోయేదేమో!

ఇంగువకు ఎవరు ఏ పేరు పెట్టారు?

రుచుల్లో పుట్టుకతో వచ్చేవి కొన్ని ఉన్నాయి. అప్పుడే పుట్టిన పసిపాప నాలుకమీద పంచదార నీళ్ళు వేస్తే చప్పరిస్తుంది. చేదు వేస్తే నోరు వెళ్ళబెడుతుంది. తీపి అంటే శక్తి, చేదు అంటే విషం కావచ్చు అనే పాఠం మనం మెదడులో రాసుకునే పుడతాం. మిగతా పాఠాలు చాలావరకు తరువాత నేర్చుకున్నవే.

అవి ఎంత తొందరగా మొదలవుతాయో తెలుసా? తల్లి కడుపులోనే. అమెరికాలో జూలీ మెన్నెల్లా బృందం కొందరు గర్భిణులచేత చివరినెలల్లో కారట్ రసం తాగించింది. 2001లో వెలువడిన ఆ పరిశోధన ప్రకారం, వాళ్ళ పిల్లలు మొదటిసారి కారట్ కలిపిన ఆహారం తిన్నప్పుడు, ఇతర పిల్లలంతగా ముఖం చిట్లించలేదు. అమ్మ తిన్నది అప్పటికే వాళ్ళకు పరిచయం. 1982లో లీయాన్ బర్చ్ రెండేళ్ళ పిల్లలకు కొత్త జున్నులను, కొత్త పండ్లను రోజూ కొద్దికొద్దిగా రుచి చూపించింది. కొన్నిటిని రెండుమూడు సార్లు, కొన్నిటిని ఇరవైసార్ల దాకా. ఎక్కువసార్లు రుచి చూసినవే పిల్లలు ఎక్కువగా ఎంచుకున్నారు. మిరపకాయ సంగతి చూడండి. పుట్టుకతో దాన్ని ఇష్టపడే పాప ఎవరూ ఉండరు. అది అమెరికా ఖండంనుంచి పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చి సుమారు అయిదువందల ఏళ్ళే అయింది. ఇవాళ గుంటూరు కారం లేనిదే మనకు ముద్ద దిగదు. మంటను కూడా మెదడు ముచ్చటగా మార్చుకోగలదు!

ఇంగువ మాటే తీసుకుందాం. ఇరాన్, ఆఫ్ఘనిస్తాన్ ప్రాంతాల్లో పెరిగే ఒక మొక్క వేరునుంచి కారే జిగురు అది. అందులో గంధకం కలిసిన పదార్థాలుంటాయి. ఆ ఘాటు వాటిదే. పులిహోర పోపులో ఇంగువ పడగానే మనకు నోరూరుతుంది. యూరపులో దానికి ‘దయ్యపు పెంట’ అని అర్థం వచ్చే పేర్లు పెట్టారు. ఇంగ్లీషులోనూ ఉందా పేరు, జర్మన్‌లోనూ ఉంది. వాళ్ళు మెచ్చుకుని తినే, నీలిబూజు పట్టిన జున్నును మనలో చాలామంది దగ్గరకు కూడా రానివ్వరు. ఎవరి ముక్కు సరైనది? ముక్కులు రెండూ సరైనవే. వెనక ఉన్న బడులు వేరు.

ఇందులో మనకేం పని?

ఇంత చెప్పింది వినోదానికి కాదు. ఈ దేశంలో మనిషిని కొలిచే తూనికల్లో అతని అన్నం ఒకటి. ‘వాళ్ళేం తింటారో తెలుసా?’ అనే మాట వెనక కులం ఉంటుంది, మతం ఉంటుంది, బీదతనం ఉంటుంది, ఊరు ఉంటుంది. జొన్నరొట్టె, రాగిసంకటి తెచ్చుకున్న పిల్లవాడు వరి అన్నం తెచ్చుకున్నవాళ్ళ మధ్య గిన్నె చాటుచేసుకుని తిన్న రోజులు మన బళ్ళలో ఉన్నాయి. ఇప్పుడు అవే ధాన్యాలు అందమైన పొట్లాల్లో ఖరీదు పెరిగి, పట్నంలో గొప్పవాళ్ళ తిండి అయ్యాయి. ఐక్యరాజ్య సమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది కూడా. గింజ మారలేదు. దానిమీది చీటీ మారింది. ఎండుచేప తెచ్చుకున్న అమ్మాయి మాత్రం ఇవాళ్టికీ మూలగానే కూర్చుంటున్నది.

మనదొక్క బడి సంగతే అనుకోకండి. ఈశాన్య రాష్ట్రాలనుంచి ఢిల్లీకి చదువుకోడానికి వచ్చే విద్యార్థులకోసం 2007లో అక్కడి పోలీసులు ఒక చిన్న పుస్తకం వేశారు. వెదురుకొమ్ములు, అఖుని వంటి వాసనవచ్చే వంటలు ఇరుగుపొరుగులో గొడవ కాకుండా చేసుకోవాలని అందులో సలహా ఇచ్చారు. అఖుని అంటే నాగాలాండులో పులియబెట్టిన సోయా గింజలు. పులియబెట్టడం మనకు కొత్తా? ఇడ్లీపిండి పులియందే, పెరుగు తోడుకోందే మనకు తెల్లవారదు. అక్కడా ఇక్కడా పనిచేసేది సూక్ష్మజీవులే. వాసన నచ్చనివారికి కాకుండా వండుకునేవారికి సలహా ఇవ్వడం ఎందుకు? తమ ముక్కు చెప్పినదే ప్రకృతి ధర్మం అనుకోవడం వల్ల.

‘అయితే ముక్కు మాట అసలు వినకూడదా? పాచిపోయిన పప్పు తినమంటారా?’ అని మీరు అడగవచ్చు. తినవద్దు. అసహ్యం ఒక మంచి కాపలాదారు. జాన్ గార్సియా అనే శాస్త్రజ్ఞుడు 1955లో ఎలుకలకు తియ్యని నీళ్ళు తాగించి, రేడియేషన్‌తో జబ్బు చేయించాడు. ఆ తరువాత అవి తియ్యని నీళ్ళు తాగడం బాగా తగ్గించాయి. ఒకసారి వాంతి అయిన పదార్థం తరువాత మనకూ సహించకపోవడం ఇలాంటిదే. అది ప్రాణరక్షణకు పనికివస్తుంది. కాని కాపలాదారుకు తెలిసినవి రెండే: పరిచయమున్న ముఖం, పరిచయం లేని ముఖం. పరిచయం లేని ప్రతివాడూ దొంగ అనే కాపలాదారును మనం గుడ్డిగా నమ్మం కదా?

‘కొందరి నాలుకలే వేరుగా ఉంటాయేమో?’ అని ఇంకొక ప్రశ్న. నిజమే, ఉంటాయి. 1931లో ఆర్థర్ ఫాక్స్ ప్రయోగశాలలో పి.టి.సి. అనే పొడి గాలిలోకి లేచినప్పుడు, పక్కవాడికి నోరు చేదెక్కింది, ఫాక్స్‌కు ఏమీ తెలియలేదు. ఆ తేడాకు ముఖ్యకారణమైన జన్యువును 2003లో గుర్తించారు. కాబేజీ కొందరికి నిజంగానే ఎక్కువ చేదు. కాని ఇది నా మాటకే బలం. మీ పక్కవాడి నాలుక మీ నాలుక కానప్పుడు, వాడి గిన్నెకు మీరు తీర్పరి ఎలా అవుతారు?

ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఏదైనా తినను అనే హక్కు ప్రతివారికీ ఉంది. మాంసం తినకపోవడం ఒకరి నియమం కావచ్చు. వేరుశనగ పడకపోవడం మరొకరి ఒంటి తత్వం కావచ్చు. ఊరికే ఇష్టం లేకపోవచ్చు. ‘నేను తినను’ అనడంలో తప్పేమీ లేదు. ‘ఛీ, నువ్వు తింటావా?’ అనడంలోనే ఉంది తప్పంతా. మొదటిది మీ నోటికి సంబంధించినది. రెండోది ఎదుటివాడి ఇంటికి, అమ్మకు, ఊరికి తగులుతుంది. ‘ఛీ’ అన్నవాడు సాయంత్రానికి మరిచిపోతాడు. అనిపించుకున్నవాడు మర్నాడు గిన్నె తెచ్చుకోడు. పెద్దయ్యాక కూడా ఆ కూర నలుగురిలో తినడు. ఆ ఇంటి వంట ఆ ఒక్క మాటతో సగం చచ్చిపోతుంది.

మీరు చెయ్యగల పని

విజ్ఞానశాస్త్రం చదివేవాడికి మొదటి అలవాటు, తన కొలబద్దనే ముందు పరీక్షించుకోవడం. త్రాసు సరిగా ఉందో లేదో చూడకుండా తూచినవాడి లెక్క ఎవరు నమ్ముతారు? రుచి విషయంలో మన త్రాసు మెదడు. దాన్ని మీరే పరీక్షించండి.

నలుగురు మిత్రులు కలవండి. ఒకరు కళ్ళకు గుడ్డ కట్టుకోండి. నిమ్మ, నారింజ, అనాస రంగుల బిళ్ళలు మిగతావారు అందిస్తుంటే ఏది ఏదో చెప్పండి. తరువాత ముక్కుకూడా మూసుకుని చెప్పండి. ఎన్ని తప్పాయో నోటుబుక్కులో రాయండి. చక్కెరనీళ్ళు రెండు గ్లాసుల్లో ఒకేలా కలిపి, ఒకదానికి తినే ఎర్రరంగు వేసి, ఏది ఎక్కువ తీపో ఇంట్లోవాళ్ళను అడగండి. ఏ గ్లాసులో ఏముందో ముందుగా చెప్పకండి. అందరికీ ఒకే జవాబు రాకపోవచ్చు. వచ్చింది వచ్చినట్టే రాయండి.

ఆ తరువాత కొంచెం కష్టమైన ప్రయోగం. మీకు నచ్చని కూర ఒకటి ఎంచుకోండి. పదిసార్లు, ప్రతిసారీ ఒక్క చిన్నముద్ద, నలుగురైదుగురు నవ్వుతూ కూర్చున్న చోట తినండి. ప్రతిసారీ పదికి ఎన్ని మార్కులో రాయండి. మార్కులు పెరగకపోతే ఆ కూర మీకు నిజంగానే సరిపడదన్నమాట. గౌరవంగా పక్కన పెట్టండి. పెరిగితే, మారింది కూర కాదని మీకే తెలుస్తుంది.

ఈలోపల ఒక మాట మార్చుకుందాం. ‘అది బాగుండదు’ అనే చోట ‘నాకింకా అలవాటు లేదు’ అనండి. శాస్త్రం ప్రకారం రెండో మాటే నిజం. పైగా దానివల్ల ఎవరి అన్నమూ చేదెక్కదు.